తెల్ల రాళ్ళ మూల

మాక్రూమ్, కౌంటీ కార్క్
21 సెప్టెంబరు 2025

అత్తకి,

ఇదిగో నువ్వు అడిగిన ఉత్తరం. ఫోన్లో అయితే "గ్రాండ్ అత్తా, అంతా గ్రాండ్" అని పెట్టేస్తానని, కాగితం మీద అబద్ధమాడాలంటే చెయ్యి నొప్పి పుడుతుంది కాబట్టి ఉత్తరాలే రాయాలని ఆర్డరు వేశావు. రాస్తున్నాను. చెయ్యి అప్పుడే నొప్పి పుడుతోంది, అబద్ధం ఇంకా మొదలెట్టనే లేదు.

నేను చేసే పనేమిటో మామయ్యకి ఇప్పటికీ అర్థం కాలేదట కదా. నిధుల కోసం తవ్వడం కాదని చెప్పు. ఇక్కడ డెబ్బై ఏళ్ళ కిందట నదికి ఆనకట్ట కట్టి రిజర్వాయరు చేశారు. నది వచ్చి ఆ నీళ్ళలో కలిసే చోట అన్నీ పల్లపు పొలాలు. చలికాలం వచ్చిందంటే మునుగుతాయి. ఇప్పుడు ఊరివైపు ఇళ్ళు మునగకుండా కట్ట పోస్తారట, మన కృష్ణ కరకట్ట లాంటిదే. పోసేముందు ఆ నేలలో పాతకాలం తాలూకు గోడలో, గుంతలో, సమాధులో ఉన్నాయేమో చూడాలి. అలా చూసిపెట్టే కాంట్రాక్టు మా కంపెనీది. బురదలో నడిచేది నేను. నేల లోపల ఏముందో పసిగట్టే మిషను తోసుకుంటూ ఒకసారి, వట్టి కళ్ళతో ఒకసారి, ప్రతి పొలం ఈ చివర నుంచి ఆ చివరికి నడవాలి. మా సైట్ డైరెక్టరు డెక్లన్ మంచివాడే. ఈ పని సరిగ్గా చేస్తే డిసెంబరులో పర్మనెంటు చేస్తానన్నాడు. అది అయితే నా వర్క్ పర్మిట్ బెంగ తీరిపోతుంది. అందుకని ఒళ్ళు దగ్గర పెట్టుకుని పనిచేస్తున్నాను.

అసలు నీకు చెప్పాలనుకున్నది వేరే. నువ్వు నవ్వుతావు. నీళ్ళ అంచున ఒక పొలం ఉంది. దాని చివరి మూలలో ముళ్ళచెట్టు, చుట్టూ పొద. మొదటి రోజు పొద్దున్నే మిషను దించుతున్నానా, ఒక ముసలావిడ గేటు తెరుచుకుని వచ్చింది. చేతిలో ప్లాస్టిక్ సీసా, సీసాలో నీళ్ళు. అటూ ఇటూ చూసుకుంటూ నేరుగా ఆ పొద చాటుకి పోయి కూర్చుంది. తలకు కట్టుకున్న గుడ్డ మాత్రం పైకి కనబడుతోంది. ఐర్లండులో కూడానా! నువ్వు చిన్నప్పుడు నేర్పినట్టే చేశాను. గట్టిగా దగ్గి, ముఖం తిప్పుకుని, పొలం ఆ చివరికి వెళ్ళిపోయాను. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. పాపం ఇంట్లో బాత్రూం పాడైందో, బుర్ర సరిగా లేదో.

నేను మాత్రం ఆ మూలకి వెళ్ళలేదు. మధ్యాహ్నం ఆవిడ లేనప్పుడు వెళ్ళొచ్చు. కానీ కాలి కింద ఏముంటుందో అని అసహ్యం వేసింది, దాచడం ఎందుకు. శుక్రవారానికి ఏ పొలంలో ఏం చూశానో కాగితాల మీద రాసి ఇవ్వాలి. వెళ్ళలేదు అని రాస్తే ఎందుకు వెళ్ళలేదో కూడా రాయాలి. అది ఇంగ్లీషులో ఎలా రాయను చెప్పు? "ముళ్ళపొద. నడిచి చూశాం. ఏమీ లేదు" అని రాసేశాను. ఉన్నదంతా జానెడు నేల.

మామయ్యకి చెప్పు, నవ్వుతాడు.

తడిసిన బూట్లతో,
నీ మేనకోడలు ప్రిస్కిల్లా

*

ట్రాలీ, ఐర్లండు
28 సెప్టెంబరు 2025

ప్రిస్సీ తల్లీ,

నిన్ను బురదలో కూడా కాళ్ళ మీద నిలబెడుతున్నందుకు ప్రభువుకు స్తోత్రం. నీ ఉత్తరం నైట్ డ్యూటీ నుంచి వచ్చి గుమ్మంలోనే చింపి చదివాను. కోటు కూడా విప్పలేదు. నవ్వలేక కడుపు పట్టుకుని మెట్ల మీద కూలబడ్డాను. మీ ఏసుదాసు మామయ్యకి చదివి వినిపిస్తే టీ ముక్కులోంచి వచ్చింది. మా లోహిత మటుకు "మామ్, దట్స్ సో రూడ్" అని తలుపేసుకుంది. ఇక్కడ పుట్టిన పిల్లకి ఏం తెలుస్తుందిలే.

మీ నాన్నా నేనూ పెరిగిన లంకలో ఇళ్ళకి దొడ్లు ఎక్కడివి? తెల్లవారుజామున ఆడవాళ్ళమంతా చెంబులు పట్టుకుని ఏటిగట్టుకి పోయేవాళ్ళం. ఎవరైనా అటు రావలసివస్తే దూరం నుంచే దగ్గేవాళ్ళు, ముఖం తిప్పుకుని పోయేవాళ్ళు. కూర్చున్న మనిషిని చూడకపోవడమే మర్యాద. నువ్వు ఎంత చదివినా, ఏ దేశం వచ్చినా ఆ మర్యాద మర్చిపోలేదు. నా పెంపకం వృథా పోలేదని గర్వంగా ఉంది. మంచి పని చేశావు.

ఈవేళ మన తెలుగువాళ్ళ ఫెలోషిప్‌లో, ఆరాధన అయ్యాక భోజనాల దగ్గర చెప్పాను. పేరూ ఊరూ చెప్పలేదులే. లీలారాణి ఆంటీ అయితే "సీసా! సీసా పట్టుకుని!" అంటూ పప్పు గరిటె వదిలేసింది. అందరం అంతలా నవ్వుకుని ఎన్నాళ్ళయిందో.

నవ్విన తర్వాత జాలి వేసిందమ్మా. మా నర్సింగ్ హోములో ఇలాంటి ముసలివాళ్ళనే కదా నేను రోజూ చూసేది. బాత్రూముకి తీసుకెళ్ళమని అడగటానికి ఎంత సిగ్గుపడతారో నాకు తెలుసు. ఆవిడకి ఎవరూ లేరేమో. నువ్వొక పని చెయ్యి. ఒక టాయిలెట్ రోలు కొత్తది, వానకి తడవకుండా సంచీలో పెట్టి ఆ చెట్టు కొమ్మకి కట్టు. మాట్లాడక్కర్లేదు, కనబడక్కర్లేదు. పెట్టి వచ్చెయ్, అంతే. ఎవరు పెట్టారో తెలియకపోతే ఆవిడకి సిగ్గు ఉండదు.

వేళకి తిను. బ్రెడ్డు ముక్కలతో కడుపు నింపుకుంటున్నావని నాకు తెలుసు.

నీ మేలు కోరే
సంతోషకుమారి అత్త

*

మాక్రూమ్
12 అక్టోబరు 2025

అత్తకి,

నువ్వు చెప్పినట్టే చేశాను. సాయంత్రం పోయి, పొదలోకి దిగకుండా బయటి కొమ్మకే సంచీ కట్టి వచ్చాను. అప్పుడు లోపల గడ్డిలో తెల్లగా రాళ్ళు కనిపించాయి. కాళ్ళు పెట్టుకోవడానికి రాళ్ళు కూడా వేసుకుంది కాబోలు, మన పక్క వేసుకున్నట్టే. ఎంత కాలం నుంచి వస్తోందో పాపం.

మర్నాడు పొద్దున మా వ్యానులో కూర్చుని చూశాను. చూడకూడదు, తెలుసు, కానీ సంచీ సంగతి కదా. ఆవిడ వచ్చింది. సంచీ విప్పింది. రోలు బయటికి తీసి చేతుల్లో పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడింది. తర్వాత పొలానికి అడ్డంగా మా వ్యాను వైపు చూసింది. నేను ముఖం తిప్పేసుకున్నాను. చెయ్యి పైకెత్తినట్టు అనిపించింది, తిట్టడానికో ఏమో. రోలు కోటు జేబులో కుక్కుకుని పోయింది.

ఆ తర్వాత ఆవిడ రావడం మానేసింది అత్తా. వారం దాటింది. ఎవరికో తెలిసిపోయిందని సిగ్గుపడి మానేసి ఉంటుంది. ఉన్న చోటు కూడా లేకుండా చేశామేమో అనిపిస్తోంది. నీ సలహా మంచిదే, నేనే సరిగ్గా చేయలేదేమో.

ఇటు పని మాత్రం బాగుంది. డెక్లన్ రిపోర్టు చదివి "యు ఆర్ గ్రాండ్, ప్రిస్" అన్నాడు. నా పొలాలన్నీ పాసైపోయాయి. నవంబరు పదిన సోమవారం ఎక్స్‌కవేటరు దిగుతుంది. ముందు పైమట్టి గీకేసి, దాని మీద కట్ట మొదలుపెడతారు. పర్మనెంటు ఖాయమే అనుకోమన్నాడు.

నువ్వు పంపిన గోంగూర పచ్చడి వచ్చింది. సీసా మూత వదులై కవరంతా నూనె. పోస్ట్‌మన్ రెండు వేళ్ళతో పట్టుకొచ్చి ఇచ్చాడు.

నీ ప్రిస్కిల్లా

*

ట్రాలీ
21 అక్టోబరు 2025

ప్రిస్కిల్లా,

ఇది కూర్చుని చదువు.

మా నర్సింగ్ హోములో నోరీన్ అని ఒక మామ్మ ఉంది. తొంభైకి దగ్గర పడింది, కానీ మాట చెక్కుచెదరలేదు. నిన్న ఆమెకి తల దువ్వుతూ, నవ్విద్దామని నీ సీసా కథ చెప్పాను. ఎవరినీ నవ్వించని రోజు ఉంటే నాకు తోచదు కదా. మామ్మ నవ్వలేదు. అద్దంలోంచి నన్నే చూస్తూ అడిగింది. "అక్కడ ముళ్ళచెట్టు ఉందా?" ఉంది అన్నాను. "నీళ్ళ అంచునా? తెల్ల రాళ్ళు ఉన్నాయా, చిన్నవి?" నువ్వు రాసింది గుర్తొచ్చి, ఉన్నాయి అన్నాను. ఇక దువ్వొద్దని నా చెయ్యి పట్టుకుని ఆపేసింది.

తర్వాత తనే చెప్పింది. ఈ దేశంలో బాప్తిస్మం అందకుండా పోయిన పసిబిడ్డలని చర్చి సమాధుల్లో పెట్టనిచ్చేవారు కాదట. పుడుతూనే పోయినవాళ్ళు, కడుపులోనే పోయినవాళ్ళు. తండ్రో, తాతో ఒక పెట్టెలో పెట్టుకుని, ఎవరూ చూడకుండా తీసుకుపోయి, పొలిమేరలోనో నీటి ఒడ్డునో ఇలాంటి మూలలో పాతేవాళ్ళట. గుర్తుకి ఒక తెల్ల రాయి. పేరు రాయరు. ఆ మూలల్ని వీళ్ళు కిల్లీన్ అంటారు. ప్రతి ఊళ్ళోనూ ఉన్నాయట. అందరికీ తెలుసు, ఎవరూ మాట్లాడరు. "అంత సిగ్గు పెట్టారమ్మాయ్ మా మీద" అంది. "అక్కడికి వచ్చే ఆవిడ మోకాళ్ళ మీద ఉంటుంది. ఆ సీసాలోది హోలీ వాటర్. దేవుడు మిమ్మల్ని క్షమించాలి" అని గోడవైపు తిరిగి పడుకుంది.

మనది లూథరన్ చర్చి, సీసాలో ప్రార్థించిన నీళ్ళు తీసుకెళ్తారని మనకెక్కడ తెలుసు అని నాకు నేనే చెప్పుకున్నాను. ఆ మాట నిలవలేదు. మన పేట వాళ్ళకి ఊరి శ్మశానంలో చోటు లేక డొంక అవతల పాతిపెట్టేవాళ్ళు. మా తమ్ముడొకడు, మీ నాన్న కన్నా ముందువాడు, అక్కడే ఉన్నాడు. ఇలాంటి మూల ఒకటి ఉంటుందని తెలియని వాళ్ళమా మనం? అయినా మనకి తోచింది మాత్రం అది. పైగా చెట్టుకి రోలు కట్టించాను. ఎంతమందికి చెప్పి నవ్వానో తలుచుకుంటే అన్నం లోపలికి పోవడం లేదు.

నువ్వు రాసిన సంగతి ఇప్పుడు మళ్ళీ చదివాను. "నడిచి చూశాం, ఏమీ లేదు" అని రాశానన్నావు. అది అలాగే ఉందా? పైమట్టి గీకేస్తారంటే ఎక్కడ? ఆ మూల కూడానా?

ముందు వెళ్ళి చూడు. ఈసారి చూడు.

అత్త

*

మాక్రూమ్
1 నవంబరు 2025

అత్తకి,

ఉత్తరం వచ్చి వారం దాటింది. రాయడానికి చెయ్యి రాలేదు. ముందు కోపం వచ్చింది, నీ మీదే. రోలు కట్టమంది నువ్వు. మంచి పని చేశావని మెచ్చుకుంది నువ్వు. ఊరందరికీ చెప్పుకుని నవ్వుకోమని నేను రాశానా? మామయ్యకి చెప్పమన్నాను. ఫెలోషిప్‌లో ఎవరి మేనకోడలు ఆర్కియాలజీ చేస్తుందో తెలియనివాళ్ళు ఎవరు? పేరు చెప్పలేదని రాశావు! ఇప్పుడు ఈ రెండో సగం కూడా చెప్పేసే ఉంటావు. ఎవరో మా డెక్లన్ దాకా మోసే ఉంటారని, అతను "మార్నింగ్" అన్నప్పుడల్లా గతుక్కుమంటున్నాను.

చూశాను. వెళ్ళి, వంగి, పొద కిందికి దూరి చూశాను. చెట్టు చుట్టూ గడ్డిలో పలుగురాళ్ళు, తెల్లవి. కొన్ని సగం మట్టిలోకి దిగిపోయాయి. పెద్దది నా బూటంత ఉంది, చిన్నది గుప్పిట్లో పట్టేస్తుంది. వరసగా లేవు, కానీ ఊరికే పడినవీ కావు. రెండేళ్ళు కార్క్‌లో చదివింది ఇలాంటివి గుర్తుపట్టడానికే. పాఠంలో ఫొటోలు కూడా చూపించారు. పది అడుగులు ముందుకేస్తే తెలిసిపోయేది. నేను సంచీ కట్టిన తాడు ముక్క ఇంకా కొమ్మకి వేలాడుతోంది. విప్పుదామంటే వేళ్ళకి పట్టు దొరకలేదు.

కట్ట అంచు సరిగ్గా ఆ చెట్టు మీదుగా పోతుంది. సోమవారం కాక పై సోమవారం ఎక్స్‌కవేటరు దిగుతుంది.

ఇప్పుడు డెక్లన్‌తో చెబితే నేను వెళ్ళని చోటికి వెళ్ళానని సంతకం పెట్టినట్టు తెలుస్తుంది. ఈ పనిలో తప్పు చేస్తే క్షమిస్తారు, చూడనిది చూశానంటే క్షమించరు. ఉద్యోగం పోతే పర్మిట్ పోతుంది. నాకు రకరకాల ఆలోచనలు వస్తున్నాయి. మిషను నడిపేవాడికి రాళ్ళు కనబడితే వాడే ఆపుతాడు కదా, నేను నోరు తెరవక్కర్లేదు కదా అని. కట్ట కిందే ఉంటే ఇంకా భద్రంగా ఉంటారేమో అని. ఇవి నేను ఆలోచిస్తున్నానంటే నాకే నమ్మబుద్ధి కావడం లేదు.

దయచేసి ఎవరికీ చెప్పకు. ప్రార్థన చెయ్యి. చెయ్యి అని అడగడానికి కూడా సిగ్గుగా ఉంది.

ప్రిస్కిల్లా

*

ట్రాలీ
4 నవంబరు 2025

తల్లీ,

నోరీన్ మామ్మ నోటి నుంచి విన్నది నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు, మామయ్యకి కూడా. మొదటి సగం విషయంలో నువ్వన్న మాటలన్నీ నాకు తగినవే. ఎదురు చెప్పను.

నీ పని ఫొటోలు ఎన్నిసార్లు పంపినా నేను "బాగుంది" అని ఒక్క ముక్క తప్ప ఎప్పుడూ ఏమీ అనలేదు. నీకు బాధగా ఉండేదని మీ నాన్న అన్నాడు. కారణం చెబుతాను. నాకు పదహారేళ్ళప్పుడు మన లంకకి కరకట్ట సర్వే వాళ్ళు వచ్చారు. మూడు కాళ్ళ స్టాండు, దాని మీద దుర్భిణి. ఒకరోజు తెల్లవారుతుండగా మేము గట్టున కూర్చుని ఉన్నాం. వాళ్ళు అవతలి గట్టు మీద స్టాండు పెట్టారు. దూరం కదా అనుకున్నాం. ఒకడు దుర్భిణిలో కన్ను పెట్టి, పకపకా నవ్వి, ఇంకొకడిని పిలిచాడు. అందులో మనుషులు తలకిందులుగా కనబడతారట, అదొక తమాషా. వంతులవారీగా చూశారు. మా అమ్మ మా మీద చీర కొంగు కప్పింది, కానీ ఆవిడని కప్పేవాళ్ళు లేరు. ఆ తర్వాత అందరం ఇంకా చీకటితోనే పోవడం మొదలుపెట్టాం.

ఆ వచ్చినవాళ్ళు చదువుకున్నవాళ్ళే, మామూలు మనుషులే. వాళ్ళలో ఒక్కడు మా గుమ్మంలోకి వచ్చి "తప్పైపోయిందమ్మా" అని మా అమ్మతో అని ఉంటే, నేను ఇన్నేళ్ళు మూడు కాళ్ళ స్టాండు కనబడగానే తల తిప్పుకునేదాన్ని కాదు. అలాంటి స్టాండు పక్కన నువ్వు నిలబడ్డ ఫొటోలు కూడా సరిగ్గా చూడలేకపోయాను. నువ్వు అటువంటి దానివి కాదని తెలిసి కూడా. అందుకే నువ్వు ముఖం తిప్పుకున్నానని రాస్తే అంత గర్వపడ్డాను. ఎవరినీ చూడకపోవడం ఒకటే మంచితనం అనుకున్నాను.

ఏం చేయమని నేను చెప్పను. ఉద్యోగం నీది, పర్మిట్ నీది. చెప్పదలుచుకుంటే మాత్రం రోలు మా అత్త కట్టమంది అని చెప్పు. నా పేరు, నా అడ్రసు ఇవ్వు.

నీ గది ఎప్పుడూ ఇక్కడ ఉంది. లోహిత బట్టలు పోగేసింది, తీయిస్తాను.

అత్త

*

మాక్రూమ్
16 నవంబరు 2025

అత్తకి,

చెప్పేశాను. ఏడో తారీఖు శుక్రవారం, ఎక్స్‌కవేటరు దిగబోయే ముందు.

డెక్లన్ అరవలేదు. అరిచినా బాగుండేది. "వెళ్ళలేదు అని రాస్తే సరిపోయేది కదా, ప్రిస్. ఎందుకు వెళ్ళలేదు?" అన్నాడు. కారణం చెప్పాలి కదా. చెప్పాను. సీసా సంగతి, మన లంక సంగతి, దగ్గు సంగతి, రోలు సంగతి. ఇంగ్లీషులో ఒక్కో మాటా చెబుతుంటే నడిరోడ్డు మీద ఒక్కో గుడ్డా విప్పుకుంటున్నట్టు ఉంది. నవ్వితే బాగుండుననుకున్నాను, నవ్వలేదు. నీ పేరు చెప్పలేదు. కట్టింది నా చెయ్యే కదా.

అతను అప్పటికప్పుడే ఫోన్లు చేశాడు. పని ఆపేశారు. ప్రభుత్వ పురావస్తు శాఖ నుంచి ఇద్దరు వచ్చి చూసి, అది కిల్లీనే అన్నారు. కట్ట దారి మార్చి గీస్తున్నారు. నేను నడిచిన పొలాలన్నీ మళ్ళీ వేరేవాళ్ళు నడుస్తున్నారు, నా మాట మీద నమ్మకం లేదు కాబట్టి. నాకు డిసెంబరు దాకే. పర్మనెంటు మాట లేదు. ఈలోగా ఇంకెవరైనా ఉద్యోగం ఇస్తే పర్మిట్ ఉంటుంది, లేకపోతే లేదు. ఇదంతా రాయగలుగుతున్నాను. ఇక రాయబోయేదే కష్టంగా ఉంది.

ఆవిడ పేరు మిసెస్ టూమీ. ఊళ్ళో అడిగితే ఇల్లు చూపించారు. నువ్వు రాశావు కదా, ఒక్కడు గుమ్మంలోకి వచ్చి ఉంటే అని. అందుకని వెళ్ళాను. దారంతా చెప్పబోయే మాటలు అప్పజెప్పుకుంటూనే ఉన్నాను. ఆవిడ రావడం మానేసింది సిగ్గుతో కాదు అత్తా, పెరట్లో జారిపడి ఆసుపత్రిలో ఉండి వచ్చింది. తలుపు తీసి, వాకర్ పట్టుకుని, నన్ను చూసి "దగ్గే అమ్మాయివి నువ్వే కదూ!" అంది. లోపలికి పిలిచి కూర్చోబెట్టింది.

నేను నోరు తెరిచేలోగా ఆవిడే మొదలుపెట్టింది. "ఈ ఊళ్ళో నన్ను ఆ చెట్టు దగ్గర చూసినవాళ్ళు చాలామందే ఉన్నారు. చూసి చూడనట్టు పోతారు. నువ్వొక్కదానివే దగ్గావు. నేను ముఖం తుడుచుకునేదాకా అటు తిరిగి ఉన్నావు" అంది. తర్వాత కిటికీ వైపు చూపించింది. యేసు పటం కింద, కిటికీ గట్టు మీద ఆ రోలు ఉంది. కాగితం కూడా చింపలేదు. "నేను ఏడుస్తున్నానని ఎవరో ఒకరు కనిపెట్టి, తుడుచుకోవడానికి పెట్టి వెళ్ళారు. అరవై ఏళ్ళలో మా ఆయన కూడా ఆ మాట అడగలేదు. వాడదామంటే మనసు రాలేదమ్మాయ్. ఆ రోజు నీకు చెయ్యి ఊపాను, నువ్వు చూడలేదు."

మగపిల్లాడట. ఊపిరి లేకుండానే పుట్టాడట. ఆయన చెప్పుల పెట్టెలో పెట్టుకుని తీసుకెళ్ళాడు, ఆవిడని మంచం దిగనివ్వలేదు. ఎక్కడ పెట్టాడో ఒక్కసారి కూడా చెప్పలేదు, అలాగే పోయాడు. "ఏ రాయి మా వాడిదో నాకు తెలియదు. అందుకని అన్నిటి మీదా చల్లుతాను" అంది. అందుకే అంత పెద్ద సీసా.

మిషను సంగతి చెప్పాను. కట్ట ఆ మూల మీదుగా పోబోయిందని, నేను చూడకుండానే ఏమీ లేదని రాశానని, అందుకు క్షమించమని చెప్పాను. "చివరికి చెప్పావు కదా, గ్రాండ్" అంది. నా చెయ్యి పట్టుకుంది. సంచీ ఎందుకు కట్టానో మాత్రం చెప్పలేదు అత్తా. నోటిదాకా వచ్చింది. ఆవిడ ముఖం చూస్తే మాట బయటికి రాలేదు. "థాంక్యూ" అని ఆవిడ రెండుసార్లు అంటే, "అయ్యో, దానికేముంది" అన్నాను. ఆవిడ పెట్టిన కేకు తిన్నాను.

డెక్లన్ ముందు పడ్డ సిగ్గు ఒకెత్తు, ఆ కేకు ఒకెత్తు. నేను ఆవిడని ఏమనుకున్నానో, ఆవిడ నన్ను ఏమనుకుంటోందో. చెప్పేస్తే నా బరువు దిగిపోతుంది. చెప్పమంటావా? నువ్వు చెప్పమంటే రేపే వెళ్ళి చెబుతాను.

ప్రిస్సీ

*

ట్రాలీ
19 నవంబరు 2025

నా తల్లీ,

చెప్పొద్దు.

చెబితే నీకు తేలికవుతుంది, నిజమే. ఆ బరువు ఎక్కడికి పోతుంది? ఆవిడ కిటికీ గట్టు మీదికే పోతుంది. అరవై ఏళ్ళకి ఒకటి దొరికింది ఆవిడకి, దాన్ని మనం మళ్ళీ లాక్కోకూడదు. ఆవిడ ఉన్నన్నాళ్ళూ ఈ సిగ్గు నువ్వూ నేనూ చెరో కొంత మోద్దాం. మోయలేకపోతే నాకు రాయి.

నీ ఉత్తరం చదివాక, నిన్న రాత్రి ఫెలోషిప్ ప్రార్థనలో సాక్ష్యాల వేళ లేచి నిలబడ్డాను. "మొన్న నేను సీసా పట్టుకెళ్ళే ముసలమ్మ సంగతి చెప్పాను" అనగానే వెనక వరసలో అప్పుడే నవ్వు మొదలైంది, ఇంకో కథ చెబుతానేమోనని. ఆ నవ్వు నేను పంచిపెట్టిందే. నా నోటితోనే దాన్ని ఆపవలసి వచ్చింది. ఊరూ పేరూ లేకుండా, ఆవిడ అక్కడికి ఎందుకు వెళ్ళేదో చెప్పి, నాది పొరపాటని చెప్పి కూర్చున్నాను. నీ మాట ఎత్తలేదు. కాసేపటికి లీలారాణి ఆంటీ వచ్చి నా పక్కన కూర్చుని, కాకినాడలో పురిట్లో పోయిన తన బిడ్డ సంగతి చెప్పింది. ఇన్నేళ్ళ స్నేహంలో నాకది తెలియదు.

నోరీన్ మామ్మ ఈవేళ మళ్ళీ తల దువ్వనిచ్చింది. నీ ఉత్తరంలో సంగతి చెప్పాను, రోలు కిటికీ గట్టు మీద ఉందని కూడా. "మంచిది. ఆవిడకి చెప్పకండి" అంది.

నీకు ఉద్యోగం దొరికేదాకా ఇక్కడికి వచ్చెయ్. గది ఖాళీ చేయించాను. ఈలోగా నేను శనివారం బస్సుకి వస్తున్నాను. ఆ మూల నాకు చూపించు. తాడు ముక్క నేను విప్పుతాను, నా గోళ్ళు గట్టివి. తర్వాత మిసెస్ టూమీ గారింటికి కూడా తీసుకెళ్ళు. ఆవిడ కాలు బాగయ్యేదాకా ఆ సీసా ఎవరో ఒకరు పట్టుకెళ్ళాలి కదా, ఎలా చల్లాలో అడిగి తెలుసుకుందాం. నీ మేనత్తనని చెప్పు. ట్రాలీ నుంచి చూడటానికి వచ్చిందని చెప్పు.

సంచీ కట్టమన్నది నేనని మాత్రం చెప్పకు. ఆవిడ నాక్కూడా థాంక్స్ చెబితే నేను తట్టుకోలేను.

నీ అత్త,
సంతోషకుమారి